అర్థం పక్కన కాలం: వేల్స్ పేర్ల చరిత్ర

వేల్స్ పేర్ల పుస్తకం ఏది తీసినా అక్షరక్రమంలో ఒక జాబితా, ప్రతి పేరు ఎదుట రెండు మూడు మాటల్లో దాని అర్థం కనిపిస్తాయి. కారిస్ అంటే ప్రేమ. హైల్వెన్ అంటే ఎండ వెలుగు. ఐర్లిస్ అంటే చలి వదలకముందే పూసే ఒక తెల్లపువ్వు. హవెల్ అంటే పదిమందిలో ప్రత్యేకంగా కనబడేవాడు. అంఘారద్ అంటే మిక్కిలి ప్రియమైనది. అన్నీ ఒకే వరుసలో ఉండటం వల్ల అన్నీ ఒకే కాలానివని, ఎప్పటివో కెల్టిక్ పేర్లు చెక్కుచెదరకుండా తల్లి నుంచి బిడ్డకు అందుతూ వచ్చాయని చదివేవారికి అనిపిస్తుంది. చరిత్ర అలా లేదు. హవెల్ వెయ్యేళ్ళకు పూర్వమే రాజులకున్న పేరు. అంఘారద్ మధ్యయుగాల ఆడపిల్లల పేరు. ఐర్లిస్, హైల్వెన్ వంటివి ఆధునిక కాలంలో మామూలు మాటల నుంచి చేసుకున్నవి. కారిస్ ఇరవయ్యో శతాబ్దపు సృష్టి. మేగన్ అయితే మార్గరెట్ అనే పరాయి పేరుకు వేల్స్ ఇళ్ళలో పుట్టిన ముద్దుపేరు. నేడు వేల్స్ పేర్లుగా లోకానికి తెలిసినవాటిలో పెద్ద భాగం గత రెండు శతాబ్దాల్లో కొత్తగా చేసుకున్నదో, మరుగున పడ్డ చోటు నుంచి వెతికి తెచ్చుకున్నదో. చట్టమూ కచేరీలూ బడులూ కలిసి పాత వంశనామాల పద్ధతిని చెరిపేసి, బహిరంగ జీవితం నుంచి భాషను తప్పించిన తర్వాత, ఆ చిన్న జాతి ఎవరి అనుమతీ అక్కర్లేని ఒక చోట, బిడ్డకు పెట్టే పేరులో, తన భాషను మళ్ళీ నిలబెట్టుకుంది. పుస్తకాలు చాటే ప్రాచీనత కన్నా ఈ చరిత్ర గొప్పదని నా వాదన.

ముందుగా పాత పేర్ల తీరు చూడాలి. వెల్ష్ భాష, రోమన్లు రాకముందు నుంచీ బ్రిటన్‌లో మాట్లాడిన బ్రిటానిక్ భాషకు వారసురాలు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్లతో పోరాడి బందీగా రోము చేరిన కరాటకస్ పేరు ప్రేమను సూచించే ధాతువు నుంచి వచ్చింది; వెల్ష్‌లో అదే కరాడోగ్. ఆరో శతాబ్దంలో గ్వినెద్ రాజ్యమేలిన మాగ్లొకూనస్ పేరులో 'దొర', 'వేటకుక్క' అన్న రెండు మాటలున్నాయి. కాలక్రమంలో అది మైల్గున్ అయింది. కుక్క ఇక్కడ తిట్టు కాదు, యోధుడికి మెప్పు. ఆ మాట సంస్కృతంలోని 'శ్వ' శబ్దానికి జ్ఞాతి. రియానన్ అనే పేరు మొదట్లో ఉన్న మాట కూడా అలాగే మన 'రాజు'కు జ్ఞాతి. ఆంగ్లెసీ ద్వీపంలోని లాన్‌గడ్వలాడర్ చర్చిలో ఏడో శతాబ్దపు రాతిపలక ఒకటుంది. కటమానస్ అనే రాజును రాజులందరిలోకీ జ్ఞానిగా, కీర్తిమంతుడిగా అది లాటిన్‌లో కొనియాడుతుంది. ఆ పేరే వెల్ష్‌లో కాడ్వన్. అందులో 'కాడ్' అంటే యుద్ధం. కాడ్వలాడర్, కాడ్వలాన్, కాడెల్ అని ఆ మాటతో మొదలయ్యే పేర్లు రాజవంశాల్లో వరుసగా కనిపిస్తాయి. వీటి పక్కనే రోమన్ల నుంచి తీసుకున్న పేర్లూ ఉన్నాయి: అంబ్రోసియస్ ఎమ్రిస్ అయింది, పటెర్నస్ పాడర్న్ అయింది, గెరోంటియస్ గెరైంట్ అయింది. ఆ ఆరో శతాబ్దంలోనే గిల్డాస్ అనే సన్యాసి ఐదుగురు రాజులను దుయ్యబడుతూ ఒక గ్రంథం రాశాడు. వారిలో కునెగ్లాసస్ పేరుకు 'కపిలవర్ణపు కసాయి' అని లాటిన్‌లో అర్థం చెప్పాడు. నిజానికి అదీ వేటకుక్క పేరే. పేరుకు అర్థం చెప్పే పనిలో చెప్పేవాడి ఉద్దేశం కలుస్తుందని ఆ తొలినాటి సాక్ష్యమే చూపిస్తోంది.

ఆ సమాజంలో మనిషి పేరు ఒక్క మాటతో ఆగేది కాదు. మనకున్నట్టు తరతరాలకూ మారని ఇంటిపేరు వారికి లేదు. కొడుకైతే 'అప్' లేదా 'అబ్', కూతురైతే 'వెర్ఖ్' అని చేర్చి తండ్రి పేరు, అవసరమైతే తాత, ముత్తాతల పేర్లు చెప్పుకునేవారు. పదో శతాబ్దపు రాజు హవెల్ పేరిట నిలిచిన వెల్ష్ ధర్మశాస్త్రం నడవాలంటే ఈ వరుస తెలిసి తీరాలి. తండ్రి భూమి కొడుకులందరికీ పంచాలి. హత్య జరిగితే 'గలానస్' అనే పరిహారాన్ని హంతకుడి బంధువర్గం చెల్లించాలి, హతుడి బంధువర్గం పుచ్చుకోవాలి. ఎవరు ఎవరికి ఎన్నో తరంలో కలుస్తారో తేలకపోతే న్యాయం తేలదు. 1188లో వేల్స్ అంతా పర్యటించిన మతాధికారి జెరాల్డ్, అక్కడ సామాన్యులు కూడా ఆరేడు తరాల వంశాన్ని నోటికి చెప్పగలరని రాశాడు. అంటే లెవెలిన్ అప్ గ్రిఫిద్ అన్న పేరు పిలుపు మాత్రమే కాదు, భూమి మీద హక్కు, బంధువుల పట్ల బాధ్యత కూడా. ఆడవారి పేర్లలో ఆ కాలపు బతుకు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. టాంగ్విస్ల్ అనే పేరులో 'శాంతి', 'జామీను' అన్న రెండు మాటలు కలిశాయి. ఒప్పందం నిలవడానికి పిల్లలను శత్రువు కోటకు పంపే కాలంలో అది వట్టి అలంకారం కాదు. గ్వెన్లియన్ పేరు మొదట్లోని 'గ్వెన్' తెలుపునూ పావనత్వాన్నీ కలిపి చెప్పే మాట. ఆ పేరున్న ఒక రాజపుత్రి, గ్రిఫిద్ అప్ కనన్ కూతురు, 1136లో కిడ్వెలీ దగ్గర నార్మన్ల మీదికి సేన నడిపి అక్కడే ప్రాణం విడిచింది. మరో గ్వెన్లియన్ వేల్స్ చివరి స్వతంత్ర పాలకుడు లెవెలిన్ అప్ గ్రిఫిద్ బిడ్డ. 1282లో తండ్రి చనిపోయేనాటికి ఆమె పసికందు. ఇంగ్లండ్ రాజు ఆమెను లింకన్‌షైర్‌లోని సెంప్రింగ్‌హామ్ మఠానికి పంపేశాడు. 1337లో కన్నుమూసేదాకా ఆమె అక్కడే ఉండిపోయింది.

రాజుల పేర్లు వంశావళుల్లో నిలిస్తే సాధువుల పేర్లు నేల మీద నిలిచాయి. 'లాన్' అంటే చర్చి, దాని ఆవరణ. టైలో సాధువు చర్చి ఉన్న ఊరు లాన్‌డైలో. కాడోగ్ సాధువుది లాన్‌గాడోగ్. పాడర్న్ సాధువుది లాన్‌బాడర్న్. మేరీమాతను వాళ్ళు మైర్ అంటారు గనుక ఆమె చర్చి ఉన్నచోటు లాన్‌వైర్. గసడదవాదేశ సంధి తెలిసిన మనకు ఇది పరాయిగా తోచదు. ముందున్న మాటను బట్టి తర్వాతి మాట తొలి హల్లు అక్కడ కూడా సరళమవుతుంది. పేర్ల చరిత్రకు ఈ వ్యాకరణ సూత్రం చాలా ముఖ్యం. తెలుపు, పావనం అనే అర్థమున్న 'గ్విన్' మగరూపం, 'గ్వెన్' ఆడరూపం. సమాసంలో రెండో మాటగా చేరితే తొలి గకారం పోయి 'విన్', 'వెన్' మిగులుతాయి. ఓల్వెన్ అంటే తెల్లని అడుగుజాడ. పాత కథలో ఆ యువతి అడుగు వేసిన ప్రతిచోటా నాలుగేసి తెల్లని పూలు పూస్తాయి. బ్రాన్వెన్ పేరులో కాకిజాతి పక్షి పేరు, ఐర్వెన్ పేరులో మంచు, కార్విన్ పేరులో ప్రేమ ఇదే పద్ధతిలో చేరాయి. ఓల్వెన్, బ్రాన్వెన్ మధ్యయుగ కథల్లోవి, ఐర్వెన్, కార్విన్ ఆధునిక కాలానివి. సూత్రం మాత్రం ఒకటే. కొత్త పేరు పుట్టించే శక్తి భాష వ్యాకరణంలోనే ఉంది. భాష బతికి ఉన్నంతకాలమే ఆ శక్తి పనిచేస్తుంది. తర్వాతి కాలంలో చేసుకున్న పేర్లను తూచేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

ఇక నష్టం ఎలా జరిగిందో చూద్దాం. నార్మన్లతో వచ్చిన పేర్లను వేల్స్ మొదట తనవిగా మలుచుకుంది. విలియమ్ గ్విలిమ్ అయింది, జాన్ షోన్ అయింది, లారా లౌరి అయింది, జేన్ షాన్ అయింది. అరువు తెచ్చుకున్నా భాష వాటిని తన నోటికి తగ్గట్టు మార్చుకుంది కాబట్టి దాన్ని నష్టం అనలేం. అసలు దెబ్బ 1536 చట్టంతో తగిలింది. వేల్స్‌ను ఇంగ్లండ్‌లో కలిపిన ఆ చట్టం న్యాయస్థానాల్లో ఇంగ్లిష్ వాడాలని, వెల్ష్ మాత్రమే మాట్లాడేవారికి పదవులు ఉండవని శాసించింది. ఆ చట్టం చేసిన రాజు ఎనిమిదో హెన్రీ వంశమే వేల్స్ నుంచి వచ్చింది. అతని ముత్తాత పేరు వెల్ష్ పద్ధతిలో ఒవైన్ అప్ మరెదిద్ అప్ టిడిర్. ఇంగ్లండ్‌లో తండ్రి పేరు జారిపోయి తాత పేరు ఇంటిపేరుగా అతుక్కోవడం వల్ల అది ట్యూడర్ వంశమైంది. పేరుకున్న బలం ఆ కుటుంబానికి తెలుసు: ఏడో హెన్రీ 1486లో పుట్టిన తన తొలి కొడుక్కి ఆర్థర్ అని పేరు పెట్టాడు. ఇక కచేరీ గుమాస్తాల కలం కింద అప్ రీస్ ప్రైస్ అయింది, అప్ హవెల్ పవెల్ అయింది, అప్ హ్యూ ప్యూ, అబ్ ఒవెన్ బోవెన్, అబ్ ఎవన్ బెవన్, అప్ హారీ పారీ అయ్యాయి. మిగతావాటికి తండ్రి పేరు చివర ఇంగ్లిష్ సకారం చేరి జోన్స్, విలియమ్స్, డేవిస్, ఎవన్స్ మిగిలాయి. లెవెలిన్‌ను లూయిస్ అని, యోర్వెర్త్‌ను ఎడ్వర్డ్ అని రాసుకున్నారు. ఆ జంటల మధ్య అర్థంలోనూ పుట్టుకలోనూ ఏ సంబంధమూ లేదు. పెద్ద కుటుంబాలు పదహారో శతాబ్దంలోనే మారాయి. కొండ ప్రాంతాల సామాన్యులు పద్దెనిమిదో శతాబ్దం దాకా, కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా తండ్రి పేరుతోనే నడిచారు. వెల్ష్ వర్ణమాలలో సంప్రదాయంగా లేని 'జ' అక్షరంతో మొదలయ్యే జోన్స్, ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువమందికున్న ఇంటిపేరుగా స్థిరపడింది.

ఇంటిపేర్లు స్థిరపడే వేళకు జనం వాడుకలో ఉన్న మగపేర్లు చాలా కొద్ది: జాన్, డేవిడ్, విలియమ్, థామస్, ఎవన్. అవే ముందు పేరు, అవే ఇంటిపేరు. బారీ రేవు కట్టించిన పారిశ్రామికవేత్త డేవిడ్ డేవిస్. వేల్స్ చర్చిల్లో నేటికీ పాడే కీర్తనలు రాసిన విలియమ్ విలియమ్స్ 1717లో పుట్టాడు. అదే పేరున్నవారు ఊరూరా ఉన్నందువల్ల జనం ఆయన్ను పొలం పేరుతో పాంటకెలిన్ అని పిలిచారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు. పాలు పోసే జోన్స్, రొట్టెలు కాల్చే జోన్స్ అని వృత్తితో గుర్తుపట్టడం ఊళ్ళలో మామూలైంది. 1588లో బైబిల్ మొత్తం వెల్ష్‌లోకి రావడం భాషను కాపాడింది. ఆ తర్వాత స్వతంత్ర ప్రార్థనా మందిరాల ఉద్యమం బలపడ్డాక ఎబెనెజర్, కేలబ్, ఎలియాస్ వంటి బైబిల్ పేర్లు ఇంటింటా చేరాయి. 1837లో పౌర నమోదు మొదలై జననాలు ప్రభుత్వ పుస్తకాలకెక్కే సమయానికి రోడ్రి, మైల్గున్, బ్రాన్వెన్, టాంగ్విస్ల్ వంటి పేర్లు వాడుక నుంచి దాదాపు తొలగిపోయాయి. పదేళ్ళకు, 1847లో, వేల్స్ చదువుల మీద ప్రభుత్వం వేసిన విచారణ నివేదిక వచ్చింది. వెల్ష్ రాని ముగ్గురు ఇంగ్లిష్ అధికారులు రాసిన ఆ నీలిరంగు సంపుటాలు వెల్ష్ భాషే ప్రగతికి అడ్డమని, అక్కడి స్త్రీల నడవడి మంచిది కాదని రాశాయి. 'నీలి పుస్తకాల ద్రోహం' అని వేల్స్ నేటికీ దాన్ని తలుచుకుంటుంది.

తిరిగి తెచ్చుకునే పని అప్పటికే మొదలైంది. మొదట అది కవుల చేతుల్లో జరిగింది. ఎడ్వర్డ్ విలియమ్స్ అనే తాపీమేస్త్రి యోలో మోర్గనూగ్ అనే కవినామం పెట్టుకుని 1792లో లండన్‌లోని ప్రింరోజ్ కొండ మీద కవుల సభ జరిపాడు. పాత సంప్రదాయమని అతను చెప్పిన తంతులో ఎక్కువ భాగం అతని కల్పనే. అయినా 1819లో కార్మార్థెన్ సాహిత్యోత్సవంతో ఆ సభ ముడిపడి, ఇప్పటికీ నిలిచి ఉంది. ఇంగ్లిష్ రిజిస్టర్‌లో ఒక పేరు, కవుల సభలో మరో పేరు అన్న అలవాటు దానితో బలపడింది. జాన్ బ్లాక్‌వెల్ తన ఊరి దగ్గరి నది పేరుతో ఆలిన్ అయ్యాడు. జాన్ హ్యూస్ తన లోయలోని నది పేరుతో కైరియోగ్ అయ్యాడు. నేటి వేల్స్ జాతీయగీతం 1856లో రాసిన ఎవన్ జేమ్స్, బాణీ కట్టిన కొడుకు జేమ్స్ జేమ్స్ ఉదాహరణ అన్నిటికన్నా బలమైనది. కవులుగా వారు యెయాన్ అప్ యాగో, యాగో అప్ యెయాన్. చట్టం చెరిపేసిన 'అప్' అక్కడ మళ్ళీ పలికింది. మరోవైపు లేడీ షార్లెట్ గెస్ట్ 1838 నుంచి మధ్యయుగ వెల్ష్ గద్యకథలను ఇంగ్లిష్‌లోకి తెచ్చి 'మాబినోగియన్' పేరుతో అచ్చువేసింది. రియానన్, బ్రాన్వెన్, ఓల్వెన్, గెరైంట్, ఎనిడ్, డలన్ పాత రాతప్రతుల నుంచి చదువరుల ఇళ్ళలోకి వచ్చారు. కైరియోగ్ 1858లో మవాన్వి వెహన్ మీద రాసిన ప్రేమకావ్యం, 1875లో జోసెఫ్ ప్యారీ కట్టిన 'మవాన్వి' పాట ఒక మధ్యయుగ సుందరి పేరును బొగ్గుగనుల ఊళ్ళ ఆడపిల్లలకు ఇచ్చాయి.

కాగితం మీది పేర్లు ఊయలలోకి ఎలా చేరాయో కొన్ని కుటుంబాలను చూస్తే తెలుస్తుంది. బ్రిటన్ ప్రధాని అయిన డేవిడ్ లాయిడ్ జార్జ్ తండ్రి విలియమ్, తల్లి ఎలిజబెత్. అతని పిల్లలు 1889 నుంచి 1902 మధ్య పుట్టారు: రిచర్డ్, మైర్ ఎలినెడ్, ఓల్వెన్, గ్విలిమ్, మేగన్. ఒక్క తరంలో మొగ్గు ఎటో తెలిసిపోతుంది. విద్యావేత్త ఒవెన్ మోర్గన్ ఎడ్వర్డ్స్ చిన్నప్పుడు బడిలో వెల్ష్ మాట్లాడినందుకు మెడలో శిక్షపలక మోసినవాడు. పెద్దయ్యాక పిల్లల కోసం వెల్ష్ పత్రిక నడిపాడు, కొడుక్కి ఇవన్ అబ్ ఒవెన్ అని పేరు పెట్టాడు. ఆ కొడుకే 1922లో వెల్ష్ యువజన సంస్థ ఉర్ద్‌ను స్థాపించి, 1939లో ఆబరిస్ట్విత్‌లో తొలి వెల్ష్ మాధ్యమ ప్రాథమిక బడి తెరిచాడు. పండితుడు థామస్ జాన్ మోర్గన్ 1907లో పుట్టాడు. 1930లలో పుట్టిన తన ఇద్దరు కొడుకులకు ప్రీస్ అని, హవెల్ రోడ్రి అని పేర్లు పెట్టాడు. మరోపక్క పేర్లు కొత్తగా తయారవుతూనే వచ్చాయి. 'నిజమైన' అనే అర్థమున్న డిలిస్ అన్న విశేషణం పందొమ్మిదో శతాబ్దంలో ఆడపేరైంది. రచయిత్రి ఆనీ హ్యారియట్ హ్యూస్ కలంపేరు గ్వినెత్ వాన్. ఆ కలంపేరు గ్వినెత్ అన్న పేరుకు ప్రచారం తెచ్చింది. ఐరిష్ కథానాయిక నీవ్ పేరు టి. గ్విన్ జోన్స్ కావ్యం మీదుగా నీయా అయింది. పూలు, నదులు, తొలిపొద్దు, ఇంద్రధనుస్సు కూడా పేర్లయ్యాయి.

నా వాదనకు మొదటి అభ్యంతరం సూటిగా ఉంటుంది. ఊరినిండా జోన్సులూ విలియమ్సులూ ఉంటే మనిషిని గుర్తుపట్టడానికి అరుదైన ముందుపేరు కావాలి. ఇందులో భాషాభిమానం వెతకడం ఎందుకు, అవసరమే కారణం కదా అంటారు. అవసరం నిజమే, దాన్ని కాదనను. కానీ వేరుగా వినబడటానికి వెల్ష్ పేరే అక్కర్లేదు. తల్లి పుట్టింటి పేరును నడిమి పేరుగా చేర్చవచ్చు, చాలామంది చేర్చారు. ఆనాటి ఇంగ్లండ్‌లో వాడుకలో ఉన్న హెర్బర్ట్, ఎర్నెస్ట్, ఆల్బర్ట్ వంటి పేర్లు పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకున్నారు కూడా. సామ్రాజ్యంలో ఉద్యోగం వెతుక్కునే కుటుంబానికి అవి లాభసాటి పేర్లు. ఇన్ని దారులుండగా తొమ్మిదో శతాబ్దపు రాజు రోడ్రిని, రాతప్రతిలోని బ్రాన్వెన్‌ను ఎంచుకోవడానికి అవసరం ఒక్కటే చాలదు. వేరే పేరు కావాలన్నంతవరకే ఇంటిపేర్ల కరువు చెబుతుంది. ఆ పేరు ఎక్కడి నుంచి రావాలో తల్లిదండ్రులు తేల్చుకున్నారు. ఆ తేల్చుకోవడం వెనక పత్రికలు, ప్రార్థనా మందిరాలు, సాహిత్యోత్సవాలు పెంచిన చైతన్యం ఉంది.

రెండో అభ్యంతరం ఎదుటి వైపు నుంచి వస్తుంది. పాత పేర్లు ఎప్పుడూ చావలేదు, రీస్, ఒవెన్, గ్వెన్, డావిద్, మోర్గన్ అన్ని శతాబ్దాల్లోనూ ఉన్నాయి, పునరుద్ధరణ అనడం అతిశయోక్తి అంటారు. కొంతవరకు ఇదీ ఒప్పుకోవాలి. వెల్ష్ మాత్రమే మాట్లాడే పశ్చిమ, ఉత్తర ప్రాంతాల్లో ఇంటి పిలుపు ఇంగ్లిష్ రిజిస్టర్‌కు లొంగలేదు; పుస్తకంలో జాన్ అని ఉన్నవాడు పొలంలో షోన్ గానే బతికాడు. తిరిగి తెచ్చుకునేవారికి ఆధారం ఆ వాడుకే. అయితే మిగిలినవి కొన్ని పేర్లే. వంశావళుల్లోనూ కథల్లోనూ ఉన్న వందల పేర్లలో ఎక్కువ భాగానికి మధ్యలో మూడు నాలుగు వందల ఏళ్ళ ఖాళీ ఉంది. ఆ ఖాళీని దాటించినది జీవించి ఉన్న భాష, అచ్చుపుస్తకం అనే రెండూ కలిసి. ఒకటి లేకుండా రెండోది పనిచేసేది కాదు.

మూడో అభ్యంతరం పండితులది. 1983లో ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ సంపాదకత్వంలో 'కల్పిత సంప్రదాయాలు' అనే ఆలోచన చుట్టూ వచ్చిన ప్రసిద్ధ వ్యాససంపుటిలో వేల్స్ మీద ఒక అధ్యాయం ఉంది. రొమాంటిక్ యుగంలో వేల్స్ తన గతాన్ని చాలావరకు కల్పించుకుందని అది సాక్ష్యాలతో చూపింది. దాన్ని రాసిన చరిత్రకారుడు ఇందాక చెప్పిన ప్రీస్ మోర్గనే. కల్పించారు గనుక ఈ పేర్లు నకిలీవి అని కొందరు ఆ వాదనను సాగదీస్తారు. నేను ఒప్పుకోను. యోలో మోర్గనూగ్ చేసిన దొంగరాతలు వేరు. అవి లేని గతాన్ని ఉందని నమ్మించాయి, వాటిని బయటపెట్టడం పండితుల ధర్మం. ఐర్వెన్ అని పేరు పెట్టిన తల్లి ఎవరినీ మోసం చెయ్యలేదు. ఉన్న మాటలను ఉన్న సూత్రంతో కలిపింది. ఏడో శతాబ్దపు సమాసాలు కూడా ఏదో ఒకనాడు ఎవరో తొలిసారి చేసినవే. అంబ్రోసియస్‌ను ఎమ్రిస్ చేసుకున్న చెవి, మార్గరెట్‌ను మేగన్ చేసుకున్న చెవి ఒక్కటే. ఏ పేరూ కొత్తగా పుట్టని భాషలో పాత పేర్లు భద్రంగా ఉన్నా, ఆ భాష ప్రదర్శనశాలకు దగ్గరపడినట్టే. కొత్త పేరు పుట్టిందంటే భాష ఇంకా పనిచేస్తోందని అర్థం. తప్పు పట్టవలసింది పేరును కాదు, నిన్నటి పేరును వేల ఏళ్ళనాటిదని అచ్చువేసే పుస్తకాలను.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఈ పేర్లు పెరిగిన కాలంలోనే భాష తరిగింది. 1901 జనగణనలో వేల్స్‌లో సుమారు సగంమంది వెల్ష్ మాట్లాడేవారు. 2021కి వారు 17.8 శాతం. పేరు పెట్టి భాష వదిలేశారు, పేరు భాషకు బదులైపోయింది అనే మాటకు బలమైన సాక్ష్యాలున్నాయి. 1914లో స్వాన్సీలో పుట్టిన కవి డిలన్ టామస్ తల్లిదండ్రులిద్దరికీ వెల్ష్ వచ్చు. తండ్రి మాబినోగి కథల్లోని సముద్రబాలుడి పేరు వెతికి పెట్టాడు, కవి అయిన చిన్నతాత కవినామం నుంచి మార్లైస్ అని నడిమి పేరూ ఇచ్చాడు. భాష మాత్రం ఇవ్వలేదు. వెల్ష్‌లో డలన్ అని పలికే ఆ పేరును కవి డిలన్ అనే పలికించుకున్నాడు, లోకమంతటా అలాగే వ్యాపించింది. 1897లో ట్రెడెగర్‌లో పుట్టి, బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవను 1948లో ప్రారంభించిన అనైరిన్ బెవన్‌కు ఆరో శతాబ్దపు కవి పేరుంది. తండ్రికి వెల్ష్ ప్రాణం, కొడుకు పెరిగింది ఇంగ్లిష్‌లో. ఆ తండ్రులు తాము అందించలేని దానికి బదులుగా పేరు ఇచ్చారనుకోవడమే న్యాయం. పిల్లల బతుకుదెరువు ఇంగ్లిష్‌లో ఉందని ఊరంతా, బడి అంతా చెబుతున్న రోజుల్లో వారి మీద నేరం మోపడం సులువు, సరి కాదు. పేరు భాషకు సాటి రాదు, నిజమే. కానీ అది ఒక బాకీని గుర్తుచేస్తూ ఉంటుంది. 1912లో బారీ పట్టణంలో ఇంగ్లిష్ మాట్లాడే ఇంట్లో పుట్టిన రిచర్డ్ గ్విన్వోర్ ఎవన్స్ తన నడిమి పేరుతోనే నిలిచాడు, వెల్ష్ నేర్చుకున్నాడు, 1966లో కార్మార్థెన్ ఉపఎన్నికలో గెలిచి వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రి తొలి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1980లో వెల్ష్ టెలివిజన్ ఛానల్ కోసం ఆయన నిరాహార దీక్షకు సిద్ధపడ్డాక ప్రభుత్వం దిగివచ్చి, 1982లో ఆ ఛానల్ మొదలైంది. ఆయన్ను అలా చేసింది పేరేనని అనను. పేరు ఒక్కటే మిగిలిన ఇంటి నుంచి కూడా భాషకు తిరిగి రావచ్చని ఆయన జీవితం రుజువు చేసింది.

ఇరవై ఒకటో శతాబ్దంలో ఈ పొరలన్నీ పక్కపక్కన కనిపిస్తున్నాయి. 1999లో వేల్స్ తన శాసనసభ తెచ్చుకున్నాక ప్రభుత్వాన్ని నడిపిన మొదటి ముగ్గురి పేర్లు చూడండి. ఆలిన్ మైకేల్: నది పేరు కవినామమై, ఆ తర్వాత పిల్లల పేరైంది. రోడ్రి మోర్గన్: 878లో మరణించిన రాజు పేరు, వందల ఏళ్ళ మరుపు తర్వాత తిరిగొచ్చింది. కార్విన్ జోన్స్: ప్రేమకు పావనత్వం చేర్చి ఆధునికులు చేసుకున్న పేరు. ముగ్గురి పేర్లకూ మూడు వేర్వేరు పుట్టుకలు, మూడూ నిఖార్సైన వెల్ష్. 2009లో ఎరిరి పర్వతాల్లోని ఒక శిఖరానికి, మఠంలో జీవితం గడిపిన ఆ రాకుమారి జ్ఞాపకార్థం కార్నెద్ గ్వెన్లియన్ అని పేరు మార్చారు. అధికారిక పటాల మీద ఇప్పుడు ఆ పేరే ఉంది. ఒకప్పుడు వంశాల మధ్య హక్కులు తేల్చడానికి పనికొచ్చిన పేరు, నేడు ఒక జాతి తన ఉనికిని తానే తేల్చుకోవడానికి పనికొస్తోంది. అందుకే వేల్స్ పేర్ల పుస్తకం రాసేవారు అర్థం ఇచ్చి ఊరుకోకూడదు. ప్రతి పేరు పక్కనా అది ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు మరుగునపడిందో, ఎవరి పూనికతో తిరిగొచ్చిందో అచ్చువేయాలి. కారిస్ పక్కన 'ప్రేమ' అని మాత్రమే ఉంటే అది ఒక తీపి మాట. 'ప్రేమ, ఇరవయ్యో శతాబ్దం' అని ఉంటే, భాష మాట్లాడేవారు ఏటేటా తగ్గుతున్న కాలంలో ఆ భాష తన మాటల నుంచే ఒక బిడ్డకు పేరు చేసిచ్చిందని చదివినవారికి తెలుస్తుంది. వేల్స్ తల్లిదండ్రులకు దక్కవలసిన గౌరవం ఆ కాలసూచికలో ఉంది.